కె. వి. రెడ్డి

కళలకును లెక్కలకును పొత్తు కుదరదని పలువురు తలచుచుందురు. కవి భావావేశమున వ్రాయుననియు, గాయకుడు తన్మయుడై పాడుననియు, వారికి కొలతలతోను గడియారముతోను పనిలేదనియు లోకుల విశ్వాసము. కాని చలనచిత్రమునందు పలుకబడు ప్రతి మాటకును ఎంత కాలము పట్టునో ముందుగనే గణించి, ఆ లెక్క తప్పకుండ చిత్రమును నడిపించి, తెలుగువారికి తరుగని నవ్వులను, పాటలను, వింతలను ప్రసాదించిన దర్శకుడొకడు రాయలసీమలో జన్మించెను. ఆయన పేరు కదిరి వెంకటరెడ్డి. కె. వి. రెడ్డి యను పొట్టి పేరుతో ఆయన ప్రసిద్ధికెక్కెను.

మదనపల్లెనుండి ఉత్తరముగ పోవు బాట తంబళ్లపల్లె సీమలోని ములకలచెరువు మీదుగ కదిరి చేరును. ఇది వానలు తక్కువైన మెట్టసీమ. బోడికొండలు, బండరాళ్లు, చెరువు నిండిననాడు పండు వరి, నిండనినాడు వేరుసెనగయు చిరుధాన్యములును ఈ నేలకు గుర్తులు. వేమన పద్యములు ఇచ్చటివారి నాలుకలపై నుండును. వేమన సమాధిగ ప్రజలు కొలుచు స్థలము గల కటారుపల్లె కదిరికి సమీపముననే కలదు. ఆ కదిరి పేరే వెంకటరెడ్డికి ఇంటిపేరు. ఆయన జన్మించినది మాత్రము తాడిపత్రిలో. నాడు కదిరియు తాడిపత్రియు అనంతపురము జిల్లాలోనివే. పెన్నానది యొడ్డున, విజయనగర రాజుల నాటి శిల్పములతో విరాజిల్లు ఆ పట్టణమున 1912 వ సంవత్సరము జూలై 1 వ తేదీన ఆయన పుట్టెను.

తాడిపత్రిలో పాఠశాల చదువు ముగించి, వెంకటరెడ్డి చెన్నపట్టణము చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి పట్టభద్రుడయ్యెను. ప్రతి కార్యమునకును కారణమును వెదకుట, ఊహించినదానిని కొలిచి చూచిన పిమ్మటనే నమ్ముట ఆ శాస్త్రము నేర్పు గుణములు. ఈ గుణములు ఆయనను కడవరకు విడువలేదు. ఆయన శాస్త్రజ్ఞుడు కాలేదు, అధ్యాపకుడును కాలేదు. నేర్చిన పద్ధతిని మాత్రము ఎవరును ఊహింపని వృత్తిలో ప్రయోగించెను.

నాడు తెలుగు చలనచిత్రము బాల్యదశలో నుండెను. తెలుగున మొదటి పూర్తి టాకీ యగు 'భక్త ప్రహ్లాద' 1932 లో వెలువడెను. తరువాతి సంవత్సరములలో చిత్రనిర్మాణము చెన్నపట్టణమున వేరూనుటచే, ఆ వృత్తి నాశ్రయింపగోరిన తెలుగువా రందరును అచ్చటికే చేరుచుండిరి. వారిలో రాయలసీమవారు కొందరు ప్రముఖులు. పులివెందుల ప్రాంతమునుండి వచ్చిన బి. ఎన్. రెడ్డి దర్శకుడయ్యెను. తాడిపత్రివాడైన మూలా నారాయణస్వామి ధనము పెట్టి నిర్మాతయయ్యెను. వెంకటరెడ్డి ఈ నారాయణస్వామికి స్నేహితుడు. ఆ స్నేహమే ఆయనను చిత్రరంగమునకు చేర్చెను.

అయితే ఆయన అందు ప్రవేశించినది కథలు చెప్పుటకు కాదు. డబ్బు లెక్కలు వ్రాయుటకు. 1938 లో రోహిణీ సంస్థవారు 'గృహలక్ష్మి' చిత్రమును తీయునప్పుడు ఆయన కాషియరుగ పనిచేసెను. పిమ్మట బి. ఎన్. రెడ్డి మున్నగువారు వాహినీ సంస్థను నెలకొల్పగా, 'వందేమాతరం', 'సుమంగళి', 'దేవత' చిత్రముల నిర్మాణ నిర్వహణలో పాల్గొనెను. 1939 మొదలు 1941 వరకు వెలువడిన ఆ మూడు చిత్రములును తెలుగు చలనచిత్రమునకు గౌరవము తెచ్చినవి. ఒక దృశ్యమునకు ఎన్ని దీపములు వెలిగెను, ఎంత ఫిల్ము వ్యయమయ్యెను, నటులు ఎన్ని గంటలు ఊరక కూర్చుండిరి, ఎన్ని రూపాయలు వృథాయయ్యెను అనునవి లెక్క వ్రాయువానికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియవు. దర్శకుడు సిద్ధముగ లేనినాడు వందమంది పని చెడునని వెంకటరెడ్డి ఆ కాషియరు బల్లవద్దనే గ్రహించెను.

ఆయనకు దర్శకత్వము వహించు అవకాశము 'భక్త పోతన' చిత్రముతో లభించెను. లెక్కలు చూచుకొను యువకుడు చిత్రమునెట్లు నడుపగలడని కొందరు సందేహించిరి. నారాయణస్వామి మాత్రము స్నేహితుని సామర్థ్యమును నమ్మెను. కాలము కూడ అనుకూలముగ లేదు. 1942 లో జపానువారి దాడి భయముచే చెన్నపట్టణపు ప్రజలు వేలకొలది ఊరు విడిచి పోవుచుండిరి. అట్టి దినములలో ప్రారంభమైన చిత్రము 1943 జనవరిలో విడుదలయ్యెను. పోతన పాత్రను ధరించినవాడు నాగయ్య. ఆయన చిత్తూరులో నాటకములాడి పేరుపొంది, ఆ ఊరి పేరును తన పేరుతో చేర్చుకొని చిత్తూరు నాగయ్యగ ప్రఖ్యాతుడైన నటగాయకుడు. రాజునకు కావ్యమును అంకితమీయక నాగలి పట్టిన కవి కథను నాగయ్య గానముతో చూచి తెలుగువారు పరవశులైరి. సందేహించిన నోళ్లు మూతపడెను.

1947 లో నాగయ్యయే నాయకుడుగ 'యోగి వేమన' వెలువడెను. రాయలసీమ పల్లెలలో పుట్టి పెరిగినవారికి వేమన దూరపువాడు కాడు. భోగములలో మునిగినవాడు దుఃఖముచే కనులు తెరచి యోగియైన తీరును ఆ చిత్రము గంభీరముగ చూపెను. పండితులు మెచ్చిరి, కాని ఆశించినంత ధనము రాలేదు. ఇచ్చట వెంకటరెడ్డి స్వభావము తెలియును. ప్రేక్షకులకు అభిరుచి లేదని ఆయన నిందింపలేదు. గొప్ప విషయమును వారు సంతోషముగ స్వీకరించునట్లు చెప్పుట దర్శకుని బాధ్యతయని తలచెను. నవ్వునకును పాటకును తన చిత్రములలో పెద్దపీట వేయుటకు అప్పుడే నిశ్చయించుకొనెను.

అట్లు వచ్చినదే 1949 నాటి 'గుణసుందరి కథ'. ముగ్గురు కుమార్తెలను ప్రేమనుగూర్చి ప్రశ్నించి, సత్యము పలికిన చిన్నదానిపై కోపించు రాజు కథ షేక్స్పియరు వ్రాసిన లియరు రాజు నాటకమున కలదు. ఆ బీజమును తెలుగు జానపద కథగ మలచి, నాయకుని పాత్రను హాస్యనటుడైన కస్తూరి శివరావునకిచ్చుట సాహసమే. హాస్యగాడు నాయకుడైన చిత్రమును ఎవరు చూతురని వ్యాపారులు శంకించుట సహజము. అయినను చిత్రము విజయము సాధించెను. తండ్రి రోగము మాన్పు మణిని తెచ్చినవాడొకడు, దానిని అపహరించి కీర్తిని కాజేయువారు వేరొకరు. దొంగతనమునుగూర్చిన కథను నవ్వులతోను పాటలతోను చెప్పుట వెంకటరెడ్డి ఇందు మొదటిసారి చేసిన ప్రయోగము.

నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థకై ఆయన 1951 లో 'పాతాళ భైరవి'ని తీసెను. తోటమాలి కొడుకు రాజకుమారిని వలచుట, మాంత్రికుడు వానిని బలియీయ జూచుట, తెలివియు ధైర్యమును మంత్రమును గెలుచుట ఇందలి కథ. నందమూరి తారక రామారావును జనులందరి నాయకునిగ చేసినదియు, ఎస్. వి. రంగారావు ప్రతిభను లోకమునకు చాటినదియు ఈ చిత్రమే. 1952 లో భారతదేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున దక్షిణదేశమునుండి ప్రదర్శింపబడిన చిత్రమిదియొక్కటే.

విద్యుత్తు లేని పల్లెలకు ఆ దినములలో టూరింగు సినిమావారు డేరాలతోను, తమ విద్యుద్యంత్రములతోను వచ్చెడివారు. పొలము పని ముగించి, పిల్లలను చంకనెత్తుకొని వచ్చినవారు నేలపై కూర్చుండి చిత్రములను చూచెడివారు. చదువెరుగని ప్రేక్షకునకు కథ ఒక్క క్షణమైనను అర్థము కాకున్నచో దోషము తనదేయని వెంకటరెడ్డి నమ్మెను. ఆయన చిత్రములలో కథ మలుపులు ఎన్ని తిరిగినను, ఎవరు ఎందులకేమి చేయుచున్నారో బాలునికైనను తెలియుటకు ఇదియే కారణము.

1954 లో వాహినీవారి 'పెద్దమనుషులు' విడుదలయ్యెను. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ రచన దీనికి మూలము. దానిని ఒక తెలుగు పట్టణపు కథగ మార్చి, మాటలు వ్రాసినవాడు డి. వి. నరసరాజు. పైకి ధర్మాత్ములై, సభలలో నీతులు పలుకుచు, లోలోపల ప్రజల సొమ్మును హరించువారిని ఈ చిత్రము పరిహాసముతో బట్టబయలు చేసెను. పిచ్చివానిగ కనబడు తిక్క శంకరయ్య పాత్రలో రేలంగి నవ్వించుచునే, పెద్దలనబడువారు దాచిన నిజములను పాటలలో వెల్లడించెను. ఆ సంవత్సరపు తెలుగు చిత్రములలో దీనికి రాష్ట్రపతి రజత పతకము లభించెను.

ధనవంతుని దొంగతనమును పరిహసించిన దర్శకుడు పిమ్మట బీదవాని దొంగతనము వైపు దృష్టి మరల్చెను. అదియే 'దొంగరాముడు'. నటుడు అక్కినేని నాగేశ్వరరావును దుక్కిపాటి మధుసూదనరావును 1951 లో అన్నపూర్ణా సంస్థను స్థాపించిరి. తమ తొలి చిత్రమునకు వెంకటరెడ్డియే దర్శకుడు కావలెనని వారి పట్టుదల. ఆయన 'పెద్దమనుషులు' పనిలో నుండెను. చేతనున్న పని ముగియక మరియొకటి తలకెత్తుకొనుట ఆయన పద్ధతి కాదు. క్రొత్త సంస్థకు కాలము గడచినకొలది నష్టమే. అయినను వారు వేరొకరిని వెదకక సంవత్సరములకొలది వేచియుండిరి. వారి నిరీక్షణ ఫలించి, చిత్రము 1955 అక్టోబరు 1 వ తేదీన వెలువడెను.

రాముడు, లక్ష్మి అన్నాచెల్లెండ్రు. రాముడు అల్లరివాడు; కాని చెల్లెలన్నను తల్లియన్నను ప్రాణము. తల్లి జబ్బుపడెను, మందు కొనుటకు డబ్బు లేదు. బాలుడు దొంగతనము చేసి పట్టుబడెను. అతడు బాలనేరస్థుల కారాగారము చేరగా, తల్లి మరణించెను. చెల్లెలు అనాథశరణాలయము పాలయ్యెను. పెరిగి పెద్దవాడైన రాముడు చెల్లెలిని చదివించి ఉన్నతస్థితికి తేవలెనని దీక్షపూనెను. కాని వానికి తెలిసినది వంకరదారి. చెల్లెలి యెదుట మర్యాదస్థునిగ కనబడుటకై వాడు అబద్ధములాడును. ధనముకొరకు మరల తప్పు చేయును. వానిని ప్రేమించి మంచిదారికి తెచ్చుటకు సీత ప్రయత్నించును. పేదలను బెదరించి బ్రదుకు బాబులను రౌడీ వాని వెంటబడును. చెల్లెలొక వైద్యుని భార్యయగును. తన దొంగయను పేరు ఆమె కాపురమునకు మచ్చయగునేమోయని రాముడు కుములును.

దొంగను నాయకునిగ చేసిన హాస్యకథకు రెండు గోతులు కలవు. దొంగ చమత్కారి యైనచో, దొంగతనము తెలివియని పిల్లలు భ్రమపడుదురు. నీతి యొక్కటియే బోధించినచో, నవ్వు నశించి చిత్రము ఉపన్యాసమగును. వెంకటరెడ్డి ఈ రెండింటి నడుమ సన్నని దారిని కనుగొనెను. రాముని దొంగతనమునకు కారణము చూపెను. కాని ఆ కారణము శిక్షను తప్పించునని చెప్పలేదు. వాని ఉపాయములకు ప్రేక్షకుడు నవ్వును. ఆ నవ్వు ముగియకముందే, ఆ ఉపాయముచే చెల్లెలికి రాబోవు అపకీర్తి తలచి గుండె జల్లుమనును. బీదరికమును చూచి నవ్వుటకు ఆయన ఎన్నడును అవకాశమీయలేదు. నవ్వులపాలగునవి లోభము, డంబము, బెదరింపు మాత్రమే. రాముడు తప్పుదారి తొక్కిన ఫలమును అనుభవించి, చట్టమునకు లోబడిన పిమ్మటనే సుఖమును పొందును.

1953 నాటి 'దేవదాసు'లో ప్రేక్షకులచే కన్నీరు పెట్టించిన నాగేశ్వరరావు, ఇందు కొంటెతనమును వాత్సల్యమును ఒక్క ముఖముననే చూపెను. సీతగ సావిత్రియు, లక్ష్మిగ జమునయు, వైద్యునిగ జగ్గయ్యయు, బాబులుగ ఆర్. నాగేశ్వరరావును నటించిరి. రేలంగి హాస్యము చిత్రమునకు వన్నె తెచ్చెను. సముద్రాల రాఘవాచార్యుల పాటలకు పెండ్యాల నాగేశ్వరరావు సంగీతము కూర్చెను. ఇందలి పాటలు కథను ఆపి వినిపించునవి కావు. శరణాలయపు పిల్లలు గాంధీమహాత్ముని కీర్తించు పాటయే నిదర్శనము. సత్యమే దైవమని నమ్మిన బాపూజీని తలచు పిల్లల నడుమ, అబద్ధములాడు దొంగ చెల్లెలు పెరుగుచున్నది. ఆ పాట విన్న ప్రేక్షకునకు ఉపన్యాసముతో పనిలేదు. పిమ్మట ఈ చిత్రము తమిళములోనికి అనువదింపబడెను; 1962 లో కిషోర్ కుమార్ నాయకుడుగ 'మన్ మౌజీ' యను పేరుతో హిందీలో మరల తీయబడెను.

ఇట్టి తూకము ఊరక లభింపదు. వెంకటరెడ్డి పద్ధతిని తెలిసికొనుటకు ఫిల్మును గూర్చి కొంత తెలియవలెను. నాటి ఫిల్ము అడుగునకు 16 బొమ్మల చొప్పున నుండును. తెరపై సెకనుకు 24 బొమ్మలు కదలును. అనగా నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము పరుగెత్తును. మూడుగంటల చిత్రమునకు 16,200 అడుగులు కావలెను. పలువురు దర్శకులు అవసరమునకు మించి చిత్రించి, పిమ్మట కత్తిరించి, అతికించి, కథను చక్కదిద్దుకొనెడివారు. కత్తిరింపబడిన ప్రతి అడుగును వృథాయైన శ్రమయే గదా!

వెంకటరెడ్డి చిత్రము ప్రారంభింపకముందే రచయితలతో నెలలకొలది కూర్చుండి కథను చర్చించెడివాడు. ఒక దృశ్యము పిమ్మట మరియొకటి ఎందులకు రావలెనో సమాధానము దొరకనిదే ముందుకు సాగడు. వ్రాత ముగిసిన పిమ్మట తన సహాయకులచే సంభాషణలను అభినయపూర్వకముగ చదివించి, స్టాప్‌వాచి చేతబట్టి ప్రతి దృశ్యమునకు పట్టు కాలమును గుర్తించెడివాడు. నవ్వవలసిన చోట ప్రేక్షకుడెంతసేపు నవ్వును, కన్నీరు తుడుచుకొనుటకెంత వ్యవధి ఈయవలెను అను విషయములును ఆ లెక్కలో చేరియుండెను. చిత్రము పూర్తియైన పిమ్మట దాని నిడివి ముందు వేసిన లెక్కకు మిక్కిలి చేరువగ నుండెడిది. చిత్రించునప్పుడు ఎంతటి నటుడైనను వ్రాసిన మాటను మార్చుటకు వీలులేదు. గట్టిగ కేకలు వేయుట ఆయన యెరుగడు. కాని ఆయన గీచిన గీత దాటువారును లేకుండిరి.

ఈ పద్ధతికి పట్టాభిషేకము 1957 మార్చి 27 వ తేదీన విడుదలయైన 'మాయాబజార్'. శశిరేఖ పెండ్లి కథ వ్యాసభారతమున లేదు. ప్రజల నోటను, నాటకములలోను పెరిగినది. మాటలను పాటలను పింగళి నాగేంద్రరావు వ్రాసెను. ఇంతకుముందొక చిత్రమున తన కృష్ణవేషము ప్రేక్షకులకు రుచింపకపోవుటచే రామారావు సంకోచింపగా, వెంకటరెడ్డి ధైర్యము చెప్పి ఒప్పించెను. పిమ్మట తెలుగువారికి కృష్ణుడనిన ఆ రూపమే స్ఫురించెను. పాండవుల కుటుంబపు కథయైనను పాండవులైదుగురును తెరపై కనబడరు. వారు లేని లోటును ప్రేక్షకుడు గుర్తింపడు. ఘటోత్కచుడు మాయాశశిరేఖయై అంతఃపురమున చేరినప్పుడు, సావిత్రి సుకుమారియగు కన్యగను, ఆమెలో దాగిన రాక్షసునిగను ఒక్కతెయే నటించి నవ్వించెను. మార్కస్ బార్ట్‌లే కెమెరాలో వెన్నెలయు, తెరపై మాయలును నిజమువలె తోచెను. ఈ మాయలన్నియు క్షణక్షణము లెక్కింపబడిన శ్రమ ఫలితములే. 2010 లో ఈ చిత్రము రంగులద్దుకొని మరల విడుదలయ్యెను. 2013 లో ఒక టెలివిజను సంస్థ జరిపిన అభిప్రాయ సేకరణలో భారతీయ చిత్రములన్నింటిలో దీనికి ప్రథమస్థానము లభించెను. నాడు ఆయనవద్ద సహాయకుడుగ పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు పిమ్మట స్వయముగ గొప్ప దర్శకుడై, 1987 లో మాటలే లేని హాస్యచిత్రమగు 'పుష్పక విమానము'ను తీసెను.

1958 లో 'పెళ్లినాటి ప్రమాణాలు', 1961 లో 'జగదేకవీరుని కథ', 1963 లో 'శ్రీకృష్ణార్జున యుద్ధము' వెలువడెను. అంతవరకు ఎక్కిన మెట్టు దిగని దర్శకునకు పిమ్మట దుర్దశ ప్రాప్తించెను. 1965 లో 'సత్యహరిశ్చంద్ర' ప్రేక్షకులను ఆకర్షింపలేదు. 1968 లో వచ్చిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ', 'భాగ్యచక్రము' అను రెండును విఫలములయ్యెను. కాలము మారెను, ప్రేక్షకుల రుచులును మారెను. ధనము పెట్టువారు వెనుకాడిరి. వెంకటరెడ్డి కాలమైపోయెనని పలుకువారు పెక్కురైరి. నిర్మాతలు ఆయనకై సంవత్సరములకొలది వేచియున్న దినములు గతించి, ఆయనయే అవకాశమునకై వేచియుండు దినములు వచ్చెను.

అయినను ఆయన తన పద్ధతిని విడువలేదు. తొందరగ చిత్రములు చుట్టి ధనము గడింపవచ్చునని తెలిసియు, పూర్తిగ సిద్ధముకాని కథను పట్టుకొని కెమెరా ముందు నిలువలేదు. అట్టి సమయమున నందమూరి తారక రామారావు ఆయనను స్మరించెను. తన్ను తోటరామునిగ, శ్రీకృష్ణునిగ తీర్చిన గురువునకు దర్శకత్వము నప్పగించి 'శ్రీకృష్ణసత్య'ను నిర్మించెను. 1971 లో విడుదలయైన ఆ చిత్రము ప్రజల మన్నన పొందెను. పడిపోయినాడనుకొన్న వృద్ధదర్శకుడు అదే కొలతతో, అదే ఓర్పుతో మరల నిలిచి చూపెను. అదియే ఆయన చివరి చిత్రము. 1972 సెప్టెంబరు 15 వ తేదీన చెన్నపట్టణమున వెంకటరెడ్డి కన్నుమూసెను. అప్పటికాయన వయస్సు అరువది సంవత్సరములు.

దాదాపు ముప్పది సంవత్సరములలో ఆయన దర్శకత్వము వహించిన తెలుగు చిత్రములు పదునాలుగు మాత్రమే. సంఖ్య చిన్నది, కాని వానిలో పెక్కింటిని తెలుగువారు నేటికిని చూచుచు, నేటికిని నవ్వుచున్నారు. మణిని అపహరించిన అల్లుళ్లను, ప్రజాధనమును మ్రింగిన పెద్దమనుషులను, మందుకొరకు దొంగయైన రాముని ఆయన ఒకే న్యాయముతో తూచెను. దొంగతనమును దాచలేదు, దొంగయందలి మనుష్యునిని మరువలేదు. ప్రేక్షకుని కాలము ఒక్క నిమిషమైనను వృథా చేయుట కూడ ఒక విధమైన దొంగతనమేయని ఎంచినవానివలె ఆయన పనిచేసెను. నవ్వు తేలికగ కనబడును. దాని వెనుక నున్న శ్రమ కనబడదు. చేపట్టిన పని చిన్నదైనను పెద్దదైనను, దానిని ముందుగ సంపూర్ణముగ యోచించి, నిష్ఠతో నెరవేర్చువాని కృషి కాలమునకు లోబడదని తాడిపత్రిలో పుట్టిన ఈ దర్శకుని జీవితము చాటుచున్నది.